తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఐదేళ్ల పరిశోధన చిటికెనవేలంత పెన్‌డ్రైవ్‌లో ఇమిడిపోతుంది. వేలమంది రోగుల వివరాలు ఒక్క మెయిలుతో సముద్రాలు దాటేస్తాయి. విశ్వవిద్యాలయాల విజ్ఞానం ఇప్పుడు బీరువాల్లో లేదు, ఫైళ్లలో ఉంది. మరి ఆ ఫైళ్లకు తాళం వేసేదెలా? అంతకన్నా ముఖ్యంగా... ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

2019 డిసెంబరు 23. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం. క్రిస్మస్ సెలవులతో ప్రాంగణం దాదాపు ఖాళీ. ఆ సాయంత్రం ఉన్నట్టుండి సర్వర్లు మొరాయించాయి. మెయిళ్లు రావు, ఫైళ్లు తెరుచుకోవు. లెక్క తేలేసరికి 267 సర్వర్లు పనికిరాకుండా పోయాయి. విచిత్రమేమిటంటే ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే ఉన్నాయి. కాకపోతే వాటికి ఎవరో తాళం వేసేశారు. ‘చెవి కావాలంటే డబ్బు కట్టండి’ అన్నది వాళ్ల బేరం.

జనవరిలో పరీక్షలున్నాయి. సిద్ధాంత వ్యాసాలు సమర్పించాల్సిన వాళ్లున్నారు. అంతా మొదటినుంచీ మళ్లీ కట్టుకోవాలంటే నెలలు పడుతుంది. పెద్దలు తర్జనభర్జన పడి చివరికి 30 బిట్‌కాయిన్లు చెల్లించారు. అప్పటి విలువలో అది దాదాపు 2 లక్షల యూరోలు. ప్రజల సొమ్ముతో నడిచే చదువుల సంస్థ దొంగలకు డబ్బు కట్టడమేమిటన్న విమర్శ రాకపోలేదు. అయినా విశ్వవిద్యాలయం ఏదీ దాచలేదు. 2020 ఫిబ్రవరిలో సభ పెట్టి, ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పింది.

అప్పుడు బయటపడింది అసలు కథ. దొంగ ఆ రాత్రి దూరలేదు. అక్టోబరు మధ్యలో వచ్చిన ఒక మోసపు మెయిలులోని లింకు మీద ఎవరో నొక్కారు. తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత రెండు నెలలపాటు దొంగలు లోపలే తిరిగారు. మరమ్మతు పూర్తికాని సర్వర్లను ఆసరా చేసుకుని, సర్వాధికారాలూ చేజిక్కించుకున్నారు. బ్యాకప్‌లు ఉన్నాయి కదా అంటే... వాటిలో కొన్ని అదే నెట్‌వర్క్‌కి తగిలించి ఉన్నాయి. ఇంటితోపాటు ఇనప్పెట్టెకూ తాళం పడింది!

దీనికో కొసమెరుపు ఉంది. ఆ సొమ్ములో కొంత ఉక్రెయిన్‌లోని ఒక ఖాతాకు చేరినట్టు పోలీసులు పసిగట్టి 2020లో స్తంభింపజేశారు. అప్పుడు దాని విలువ సుమారు 40 వేల యూరోలు. 2022లో తిరిగి అప్పగించే వేళకు బిట్‌కాయిన్ ధర పెరిగి అది 5 లక్షల యూరోల దాకా అయింది. ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థుల కోసం ఆ డబ్బు వాడతామని విశ్వవిద్యాలయం ప్రకటించింది. అందరికీ ఇలా కలిసిరాదనుకోండి!

దొంగదీ దొరదీ ఒకే విద్య

దొంగలు వాడిన ఆ తాళం పేరే ఎన్‌క్రిప్షన్. ఫైలులోని అక్షరాలను ఒక లెక్క ప్రకారం కలగాపులగం చేసేస్తారు. చెవి ఉన్నవాళ్లకే అది మళ్లీ అసలు రూపంలో కనిపిస్తుంది. మిగతావాళ్లకు అర్థంలేని గీతలే. ఫైళ్లను కాపాడేదీ ఈ విద్యే, బందీ చేసేదీ ఈ విద్యే. తేడా అల్లా... చెవి ఎవరి చేతిలో ఉందన్నదే.

ఇంకో తమాషా చూడండి. ఈ తాళాల్లో చాలా వాటికి పుట్టినిల్లు విశ్వవిద్యాలయాలే. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్‌లు ఒక కొత్త ఆలోచన చెప్పారు. ముందుగా కలుసుకోని ఇద్దరు మనుషులు, అందరూ వింటుండగానే రహస్యంగా ఒక తాళంచెవిని కుదుర్చుకోవచ్చని! మరుసటి ఏడాది ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ అనే ముగ్గురు ఆర్‌ఎస్‌ఏ పద్ధతిని తయారుచేశారు. ఇప్పుడు లాప్‌టాప్‌ల నుంచి బ్యాంకుల దాకా వాడుతున్న ఏఈఎస్ తాళాన్ని రూపొందించింది బెల్జియంలోని లూవెన్‌లో చదువుకున్న డేమన్, రైమెన్‌లు. అమెరికా ప్రభుత్వం 1997లో పోటీ పెడితే 15 పద్ధతులు బరిలో నిలిచాయి. 2000లో వీళ్లది గెలిచింది. 2001 నవంబరులో అధికారిక ప్రమాణమైంది.

దాని బలం ఎంతంటే... అందులో అతి చిన్న చెవి 128 బిట్లు. ఒక్కో చెవినీ పెట్టి చూస్తూ పోవాలంటే ఎన్ని ప్రయత్నించాలో ఆ సంఖ్య రాయడానికే 39 అంకెలు కావాలి. అందుకే తెలివైన దొంగ తాళం పగలగొట్టడు. చెవి ఉన్న మనిషికి మెయిలు పంపుతాడు!

మూడు తాళాలు... మూడు తీర్లు

‘మా ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నాయి’ అని నిశ్చింతగా ఉంటారు చాలామంది. ఏ తాళం అన్నది ఎవరూ అడగరు.

మొదటిది, యంత్రానికి వేసే తాళం. విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ చేసే పని ఇదే. లాప్‌టాప్ రైల్లో పోయినా, హాస్టల్లో ఎవరైనా ఎత్తుకెళ్లినా డిస్కు విప్పి చదవలేరు. ఇంతేనా అనుకోకండి. ఇది లేకనే అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం 2019లో 30 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఒక పెన్‌డ్రైవ్ పోయింది, ఒక లాప్‌టాప్ చోరీ అయింది. రెండింటికీ తాళం లేదు. రెండింట్లోనూ రోగుల వివరాలున్నాయి. అయితే ఈ తాళానికో హద్దుంది. మీరు లాప్‌టాప్ తెరిచి పనిచేస్తున్నంతసేపూ తలుపు తీసే ఉంటుంది. ఆ సమయంలో లోపలికి దూరిన వైరస్‌ను ఇది ఆపలేదు.

రెండోది, క్లౌడ్ కంపెనీ వేసే తాళం. ఫైలు దారిలో ఉన్నప్పుడూ, వాళ్ల సర్వర్లో ఉన్నప్పుడూ భద్రమే. కానీ చెవి సాధారణంగా వాళ్ల దగ్గరే ఉంటుంది. లాడ్జి గదికి మీరు తాళం వేసుకున్నా మేనేజరు దగ్గర ఇంకో చెవి ఉన్నట్టన్నమాట. పాస్‌వర్డ్ మరచిపోతే సాయపడేదీ అతనే. పోలీసులు కాగితం తెస్తే తలుపు తీసేదీ అతనే. అతని చెవులగుత్తి పోతే అందరి గదులూ తెరుచుకుంటాయి.

మూడోది, మీరే వేసే తాళం. ఇంటి దగ్గరే పెట్టెకు తాళం వేసి, చెవి మొలకు కట్టుకుని, పెట్టెను మాత్రం గోదాములో పడేసినట్టు. గోదాము యజమాని ఎంత తిరగేసినా లోపలున్నది తెలీదు. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటారు దీన్ని. క్రిప్టోమేటర్, వెరాక్రిప్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఎవరైనా చేసుకోవచ్చు. క్రిప్టోమేటర్ ఒక్కో ఫైలునూ విడిగా చుట్టి క్లౌడ్‌కి పంపుతుంది. వెరాక్రిప్ట్ అన్నిటినీ ఒకే పెద్ద పెట్టెలో పెడుతుంది. సుఖం మాత్రం కొంత తగ్గుతుంది. క్లౌడ్‌లోనే పదాన్ని వెతకడం, నలుగురూ ఒకేసారి ఒకే కాగితం దిద్దడం కష్టం. పాస్‌వర్డ్ మరచిపోతే... అంతే సంగతులు!

మరి ఏది వాడాలి? అన్నీ అన్నిటికీ అక్కర్లేదు. పాఠాల స్లయిడ్లకు రెండోది చాలు. మనుషుల పేర్లు, జబ్బులు, పేటెంటుకు వెళ్లబోయే ఫలితాలు ఉన్నవాటికి మూడోది కావాలి. లాప్‌టాప్ ఉన్న ప్రతి ఒక్కరికీ మొదటిది తప్పనిసరి.

కప్పనూ తట్టి చూడాలి

‘మీ ఫైలు మేం కూడా చూడలేం’ అని చెప్పే కంపెనీల మాట నిజమేనా? ఈ ప్రశ్నతో కుస్తీ పట్టింది కూడా ఒక విశ్వవిద్యాలయమే. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు 2022లో మెగా అనే సేవను పరీక్షించారు. ఆ సర్వరు దొంగల చేతికి చిక్కితే, వాడకందారు 512 సార్లు లాగిన్ అయ్యేసరికి అతని రహస్య చెవిని రాబట్టవచ్చని నిరూపించారు. కంపెనీ మరమ్మతు చేసింది. 2024లో అదే సంస్థ పరిశోధకులు సింక్, పీక్లౌడ్, ఐస్‌డ్రైవ్, సీఫైల్, ట్రెసోరిట్ అనే మరో ఐదింటిని పట్టి చూశారు. మొదటి నాలుగింట్లో తీవ్రమైన లోపాలు దొరికాయి. ట్రెసోరిట్ వాటికన్నా మెరుగనిపించుకుంది. ఆ ఐదింటి వాడకందారులూ కలిపి 2 కోట్ల 20 లక్షల పైమాటే.

చిత్రమేమిటంటే లోపం ఏఈఎస్‌లో లేదు. గట్టి గొళ్లేన్ని పుచ్చిన తలుపుకు బిగించినట్టు, దాన్ని వాడిన తీరులో ఉంది. అందుకే నిపుణులు ఒక మాట పదేపదే చెబుతారు. తాళం ఎలా పనిచేస్తుందో దాచిపెట్టే కంపెనీని నమ్మొద్దు. పదిమంది పరీక్షకు పెట్టిన తాళాన్నే నమ్మాలి.

పంచుకుంటేనే పరిశోధన

దాచుకోవడం తేలిక. పెట్టెలో పెట్టి తాళం వేస్తే సరి. కానీ పరిశోధన అన్నది ఒక్కరి సొత్తు కాదు. గైడు చూడాలి, గణాంకాలు లెక్కగట్టే మిత్రుడు చూడాలి, ఇంకో దేశంలో ఉన్న భాగస్వామి చూడాలి. ప్రమాదమంతా ఇక్కడే.

పంచుకునేటప్పుడు ఎక్కువమంది ఎంచుకునేది ‘లింకు ఉన్నవాళ్లెవరైనా చూడవచ్చు’ అన్న మీట. పని సులువవుతుంది కదా! కానీ ఆ లింకు ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి పాకితే ఆపేవాళ్లుండరు. ఈ పొరపాటు ఆరితేరినవాళ్లూ చేశారు. మైక్రోసాఫ్ట్‌లో కృత్రిమ మేధ పరిశోధకులు తమ నమూనాలను నలుగురికీ ఇద్దామని ఒక లింకు పెట్టారు. అది ఒక్క ఫోల్డరుకు కాకుండా మొత్తం గిడ్డంగికే దారి చూపింది. 38 టెరాబైట్ల సమాచారం బయటికి తెరుచుకుంది. అందులో ఇద్దరు ఉద్యోగుల కంప్యూటర్ల బ్యాకప్‌లు, పాస్‌వర్డ్‌లు, 30 వేలకు పైగా అంతర్గత సందేశాలు ఉన్నాయి. విజ్ అనే భద్రతా సంస్థ కనిపెట్టి చెప్పింది, 2023లో లోకానికి తెలిసింది. ఆ లింకు గడువు ఎప్పటిదాకా పెట్టారో తెలుసా? 2051 అక్టోబరు దాకా!

దీనికి మందు డిఫీ, హెల్మన్‌ల ఆలోచనలోనే ఉంది. ప్రతి ఒక్కరికీ రెండు చెవులు. ఒకటి అందరికీ ఇచ్చేది, వేయడానికి మాత్రమే పనికొస్తుంది. రెండోది తన దగ్గరే ఉంచుకునేది, తీయడానికి పనికొస్తుంది. గైడుకు ఫైలు పంపాలంటే ఆయన బహిరంగ చెవితో తాళం వేసి పంపితే చాలు. మధ్యలో ఎవరి చేతుల్లో పడినా తెరుచుకోదు. మంచి పంపిణీ సాఫ్ట్‌వేర్లు ఈ తతంగమంతా తెరవెనకే చేసేస్తాయి. మనం చేయాల్సింది లింకు బదులు మనిషి పేరు ఎంచుకోవడం, గడువు పెట్టడం. ప్రాజెక్టు వదిలి వెళ్లినవాళ్ల పేరు తీసేయడం. కాకపోతే ఒకటి... అప్పటికే దించుకున్న ఫైలును ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

మన ప్రాంగణాల సంగతికి వస్తే, యూనివర్సిటీ గేటు ముందు జిరాక్స్ సెంటర్ గుర్తొస్తుంది. సిద్ధాంత వ్యాసం ప్రింటు తీసుకోవాలంటే పెన్‌డ్రైవ్ అక్కడి కంప్యూటర్‌కి గుచ్చాల్సిందే. ఫైలు అక్కడి డెస్క్‌టాప్ మీద ఉండిపోతుంది. వైరస్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతుంది. కొత్తతరం వాట్సాప్‌లో పంపుతోంది. వాట్సాప్ సందేశం దారిలో భద్రమే. కానీ చేరాక అది అవతలి ఫోన్లో మామూలు ఫైలే!

తాళం ఉంది... ఫైలే లేదు

తాళాల గురించి ఇంత చెప్పుకున్నాం కదా. అసలు ఫైలే మాయమైతే?

2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో అదే జరిగింది. అక్కడి సూపర్ కంప్యూటర్‌లో పాత లాగ్ ఫైళ్లను చెరిపేసే ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. నిర్వహణ చూసే హ్యూలెట్ ప్యాకార్డ్ జపాన్ సంస్థ దాన్ని సవరించింది. పాతది నడుస్తుండగానే కొత్తది దాని మీద పడింది. అది చెత్తకు బదులు పరిశోధకుల ఫైళ్లు చెరపడం మొదలుపెట్టింది. 14 నుంచి 16వ తేదీ మధ్య 77 టెరాబైట్లు, దాదాపు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు పోయాయి. 14 పరిశోధక బృందాలు నష్టపోయాయి. వాటిలో నాలుగింటికి పోయినవి తిరిగి రాలేదు. దొంగ లేడు, వైరస్ లేదు. తప్పు పూర్తిగా తమదేనని ఆ సంస్థ ఒప్పుకుంది.

భద్రత అంటే ఇతరులు చూడకుండా కాపాడటమే కాదు, మనకు అందుబాటులో ఉండేలా కాపాడటం కూడా. అందుకు పాత సూత్రమే ఉంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. ఆ వేరే చోట ఉన్నది నెట్‌వర్క్‌కి తగిలించి ఉండకూడదు. మాస్ట్రిక్ట్ నేర్పిన పాఠం ఇదే.

చెవి పోతే?

అందరినీ భయపెట్టే ప్రశ్న ఇది. బలమైన తాళం దొంగనూ యజమానినీ ఒకేలా చూస్తుంది. వెరాక్రిప్ట్ పెట్టె పాస్‌వర్డ్ పోతే దాన్ని తయారుచేసినవాళ్లు కూడా తెరవలేరు. విశ్వవిద్యాలయాల్లో మనుషులు మారుతూనే ఉంటారు. విద్యార్థి పట్టా తీసుకుని వెళ్లిపోతాడు. ఆచార్యుడు పదవీ విరమణ చేస్తారు. ఒక్కోసారి కన్నుమూస్తారు. చెవి వాళ్లతోనే వెళ్లిపోతే ప్రయోగశాల సర్వర్లో మిగిలేది తెరవలేని పెట్టె.

ఆర్‌ఎస్‌ఏ ముగ్గురిలో ఒకరైన ఆది షమీర్ 1979లోనే దీనికో ఉపాయం చెప్పారు. చెవిని ఐదు ముక్కలు చేసి ఐదుగురికి ఇవ్వండి. ఏ ముగ్గురు కలిసినా పెట్టె తెరుచుకుంటుంది. ఇద్దరు కుమ్మక్కయినా ఏమీ తెలీదు. గుడి హుండీ తీసేటప్పుడు అధికారి, అర్చకుడు, ఊరిపెద్ద అందరూ ఉండాలన్నట్టు! అంత దాకా వెళ్లకపోయినా, బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ చెవిని కాగితం మీద రాసి, కవరులో పెట్టి, విభాగంలోని బీరువాలో దాచినా చాలు. కంప్యూటర్ యుగంలోనూ ఇనప బీరువా పనికొచ్చే సందర్భం ఇది.

చట్టం వచ్చింది

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లలోని దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారాన్ని దుండగులు బందీ చేశారు. దేశం నలుమూలల నుంచీ రోగులు వచ్చే ఆ ఆసుపత్రిలో రోజుల తరబడి చీటీలు చేత్తో రాయాల్సి వచ్చింది. చదువు చెప్పేచోటే చికిత్సా జరిగే సంస్థలో ఫైలు పోవడమంటే ఏమిటో దేశం కళ్లారా చూసింది.

2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. సమాచారానికి తగిన రక్షణ కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. ప్రమాణాలు పాటించే పరిశోధనలకు కొన్ని సడలింపులున్నాయి. ప్రమాణాలు పాటించాలన్న షరతే అసలు కీలకం.

అలాగని అన్నిటికీ తాళాలు వేసుకు కూర్చోమని కాదు. విశ్వవిద్యాలయం ఉన్నదే విజ్ఞానం పంచడానికి. పీహెచ్‌డీ వ్యాసాలు శోధగంగలో అందరికీ అందుబాటులో ఉండాలన్న నియమం 2009లోనే యూజీసీ పెట్టింది. వ్యాసం లోకానిది. ఆ వ్యాసం కోసం మాట్లాడిన మనిషి పేరు మాత్రం లోకానిది కాదు.

పరిశోధక విద్యార్థులకు...

• లాప్‌టాప్‌లో బిట్‌లాకర్ లేదా ఫైల్‌వాల్ట్ పనిచేస్తోందో లేదో ఈరోజే చూసుకోండి. రికవరీ చెవిని అదే లాప్‌టాప్‌లో దాచకండి.
• పేర్లు, ఫోన్ నంబర్లు ఒక ఫైల్లో, జవాబులు ఇంకో ఫైల్లో పెట్టండి. రెండింటినీ కలిపేది ఒక సంకేత సంఖ్య మాత్రమే. రెండు ఫైళ్లనూ ఒకేచోట ఉంచకండి.
• తాళం వేసిన ఫైలు మెయిలులో పంపితే పాస్‌వర్డ్ అదే మెయిలులో రాయకండి. ఫోన్ చేసి చెప్పండి.
• లింకు పంచితే గడువు పెట్టండి. పని అయ్యాక మూసేయండి.
• విశ్వవిద్యాలయం ఇచ్చిన ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. సొంత ఖాతాల్లో పరిశోధన సమాచారం ఉంచకండి.
• జిరాక్స్ సెంటర్‌కి విడిగా ఒక పెన్‌డ్రైవ్ పెట్టుకోండి. అందులో పీడీఎఫ్ తప్ప మరేదీ ఉండకూడదు.
• బ్యాకప్ ఉందని సంబరపడకండి. మూడు నెలలకోసారి దాంట్లోంచి ఒక ఫైలు తెరిచి చూడండి.

ఇదంతా చాదస్తం అనిపిస్తే ఒక్క క్షణం ఆలోచించండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద అధ్యయనానికి ఒక పరిశోధకురాలు వెళ్లిందనుకోండి. ఓ జీడితోటల కూలీ ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తన రక్తపరీక్ష కాగితం చేతిలో పెడతాడు. ఆ సంగతి బయటపడితే కూతురికి సంబంధం తప్పిపోవచ్చు, తనకు కూలి పని దొరక్కపోవచ్చు. అయినా చెబుతాడు. “రాసుకో తల్లీ, ఎవరికైనా పనికొస్తుంది” అంటాడు. అతనికి ఏఈఎస్ తెలీదు, 128 బిట్లు తెలీవు. అతను తాళాన్ని నమ్మలేదు, మనిషిని నమ్మాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టడానికే ఈ తాళాలన్నీ!